గంపలోని చిన్న చేప

విశాఖ తీరమున 'కనగుర్త' యని పిలువబడిన చేపను 1803లో రస్సెలను వైద్యుడు తన గ్రంథమున వర్ణింపగా, 1816లో కువియే పండితుడు ఆ తెలుగు పేరునే శాస్త్రనామమున నిలిపెను. మనము కానాగంత యనునది యిదియే.

ఏ చేప యెంత పెరిగిన పిమ్మట గ్రుడ్లు పెట్టునో, 1947లో స్థాపితమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు చేపలను కోసి చూచి నిర్ణయింతురు. వారి సూచన ననుసరించి కేరళ ప్రభుత్వము 2015లో, 14 సెంటీమీటర్లకు, అనగా ఇంచుమించు రెండు బెత్తెలకు, తక్కువైన కానాగంతలను పట్టరాదని శాసించెను.

మన తీరమునను, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేట నిలుపుదురు. ఆ దినములలో జాలరి యింట రాబడి సన్నగిల్లును. వారంత కష్టమున కోర్చి పెరుగనిచ్చిన పిల్లలను, వేట మొదలైన వెంటనే చౌకయని మనము కొన్నచో, ఆ యోర్పు వ్యర్థము గాదా?

నెత్తళ్లు పుట్టుకచేతనే చిన్నవి. వానిని కొనుటలో దోషము లేదు. కానాగంతను మాత్రము చేతితో కొలిచి, పొట్టిదైనచో గంపలోనే విడువుడు. కొనువారు లేని పిల్లచేపకై వల వేయువారుండరు. బిడ్డలకును ఈ కొలత నేర్పుడు. రేపు వారి కంచమునను చేప యుండవలెను గదా!