డ్రా అందరి ముందు తీయండి, మ్యాచ్ టైము ముందే చెప్పండి

అనకాపల్లి జిల్లా టోర్నమెంటు కమిటీలకు, పీఈటీ మాస్టార్లకు, దాతలకు, ఆటగాళ్లకు, వాళ్ల తల్లిదండ్రులకు విజ్ఞప్తి



సంక్రాంతి దగ్గరపడుతుంటే మన జిల్లాలో ఊరూరా కబడ్డీ కోర్టులు గీస్తారు, వాలీబాల్ నెట్లు కడతారు, కోసిన పొలాల్లో క్రికెట్ పిచ్‌లు చదును చేస్తారు. పండక్కి, అమ్మవారి జాతరకి, ఊరి పెద్దాయన జ్ఞాపకార్థం టోర్నమెంటు పెట్టడం మనకు ఆనవాయితీ. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, మైకు సెట్టు మాట్లాడి, దూరం నుంచి వచ్చిన జట్లకు భోజనాలు పెట్టే కమిటీ కుర్రాళ్లంటే మాకు గౌరవం. వాళ్లను వేలెత్తి చూపడానికి ఈ కరపత్రం వేయలేదు. అంత కష్టమూ ఒక్కచోట చెడిపోతోంది. అది మ్యాచ్‌ల షెడ్యూలు.

మేం అడిగేది ఇది. వచ్చే సీజను నుంచి జిల్లాలో ఎనిమిది జట్లు దాటిన ప్రతి టోర్నమెంటుకూ డ్రా బహిరంగంగా తీయాలి. ఏ మ్యాచ్ ఏ కోర్టులో ఎన్నింటికో సాఫ్ట్‌వేర్‌తో వేసి, ఆటలు మొదలవడానికి మూడు రోజుల ముందే అందరికీ పంచాలి.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. పోస్టరు మీద ఒకటే మాట ఉంటుంది: జట్లన్నీ ఉదయం 8 గంటలకు రిపోర్టు చేయాలి. అంటే మొదటి మ్యాచ్ ఆడే జట్టూ, సాయంత్రం ఆడే జట్టూ ఒకే వేళకు రావాలి. చీట్లు తీసేసరికి పది దాటుతుంది. ఇంకా రాని జట్టు కోసం ఒక చీటీ పక్కన పెడతారు. ఆ జట్టు వచ్చాక జోడీలు మారతాయి. ఆడకుండానే తర్వాతి రౌండుకి వెళ్లే బై ఎవరికి వచ్చిందన్న దగ్గర గొడవ మొదలవుతుంది. మధ్యాహ్నానికి కోర్టు దగ్గర మైకులో పిలుస్తుంటే, పిలిచిన జట్టులో ఇద్దరు టిఫినుకి వెళ్లి ఉంటారు. పది నిమిషాలు చూసి వాకోవర్ ఇచ్చేస్తారు. నెలరోజుల ప్రాక్టీసు ఒక్క బంతి ఆడకుండా, ఒక్క రైడు వెళ్లకుండా ముగిసిపోతుంది.

దీని భారం అందరి మీదా ఒకేలా పడదు. అనకాపల్లి టౌను జట్టు ఇంటికెళ్లి అన్నం తిని వస్తుంది. తాండవ ఒడ్డున పాయకరావుపేట నుంచో, అటు మాడుగుల, గొలుగొండ నుంచో బయల్దేరిన జట్టు తెల్లవారకముందే లేచి, వ్యాను మాట్లాడుకుని వచ్చి, పొద్దంతా చెట్టుకింద కూర్చుంటుంది. తీరా సాయంత్రం ఆడి ఓడిపోతే, ఆటలో ఓడిందో అలసటలో ఓడిందో వాళ్లకే తెలియదు.

ఆడపిల్లల జట్ల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మగపిల్లల మ్యాచ్‌లు ఆలస్యమైతే ఆడపిల్లల మ్యాచ్‌లు వెనక్కి జరుగుతాయి. జనవరిలో ఆరు కాకముందే చీకటి పడుతుంది. చీకట్లో పిల్లను ఊరికి ఎలా చేర్చాలన్న భయంతో తండ్రి ఒకసారి వద్దంటే, ఆ పిల్ల మరుసటి ఏడాది కోర్టులో కనిపించదు. మన ఊళ్లలో ఆడపిల్లల జట్లు ఎందుకు నిలబడటం లేదని అడిగేవాళ్లు, ముందు వాళ్ల ఆఖరి మ్యాచ్ ఎన్నింటికి అయిందో, ఆ వేళకి బస్సు ఉందో లేదో కనుక్కోవాలి.

అచ్యుతాపురం సెజ్‌లో, పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టుల్లో పనిచేసే కుర్రాళ్లూ అమ్మాయిలూ మన జట్లలో ఉన్నారు. మ్యాచ్ టైము ముందే తెలిస్తే షిఫ్టు మార్చుకోగలరు, సగం రోజు సెలవు అడగగలరు. తెలియకపోతే రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి, లేదా ఆట మానుకోవాలి. చాలామంది మానుకుంటున్నారు.

ఒక కబడ్డీ టోర్నమెంటు లెక్క వేసి చూద్దాం. సీనియర్ మగవాళ్ల మ్యాచ్ అంటే ఇరవయ్యేసి నిమిషాల రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. టైమ్ అవుట్లు, జట్లు దిగడం, ఎక్కడం కలిపితే గంట. 16 జట్లు వచ్చాయనుకుందాం, కోర్టులు రెండు. నాలుగేసి జట్ల నాలుగు గ్రూపులు చేసి లీగ్ ఆడిస్తే గ్రూపుకు 6 చొప్పున 24 మ్యాచ్‌లు. ఒక్కో గ్రూపు నుంచి రెండేసి జట్లు పైకి వెళితే నాలుగు క్వార్టర్‌ఫైనల్స్, రెండు సెమీస్, ఒక ఫైనల్. మొత్తం 31. రెండు కోర్టుల మీద ఇది 16 గంటల ఆట. ఉదయం 8కి మొదలుపెట్టి ఒక్క క్షణం ఆపకపోయినా అర్ధరాత్రి 12 అవుతుంది. చీట్ల దగ్గరే రెండు గంటలు పోతే ఫైనల్ అయ్యేసరికి రాత్రి రెండు. అయినా పోస్టరు మీద ఒకరోజు టోర్నమెంటు అని అచ్చువేస్తాం.

అదే 16 జట్లకు నాకౌట్ పెడితే 15 మ్యాచ్‌లే. ఎనిమిది గంటల్లో అయిపోతుంది, పొద్దుండగానే షీల్డు ఇవ్వొచ్చు. కానీ ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికెళ్లిపోతాయి. లీగే కావాలంటే మూడో కోర్టు గీయించాలి, అప్పుడు 12 గంటలకు దిగుతుంది. లేదా రెండు రోజులు పెట్టుకోవాలి. ఏది మేలో కమిటీయే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం పోస్టరు ప్రెస్సుకి వెళ్లకముందు జరగాలి. సాఫ్ట్‌వేర్ చేసే మొదటి మేలు అదే. జట్లు ఎన్ని, కోర్టులు ఎన్ని, మ్యాచ్‌కి ఎంతసేపు, మధ్యలో విశ్రాంతి ఎంత, రిఫరీలు ఎందరు అని నింపితే, అనుకున్న వేళలో అయ్యే పనో కాదో అక్కడికక్కడే చెబుతుంది.

రెండో మేలు క్రమం. మన జిల్లా 2022 ఏప్రిల్ 4న 24 మండలాలతో ఏర్పడింది. మండలానికో జట్టు వస్తే, నాకౌట్‌లో 32 గళ్ల పట్టీ కావాలి, 8 బైలు ఇవ్వాలి. ఆ ఎనిమిది ఎవరికన్న దగ్గరే సగం అనుమానాలు పుడతాయి. మూడేసి జట్ల ఎనిమిది గ్రూపులు చేస్తే గ్రూపు మ్యాచ్‌లు 24, పైన 7, మళ్లీ 31. బై ఎవరికీ ఉండదు, ప్రతి జట్టుకూ కనీసం రెండు మ్యాచ్‌లు దక్కుతాయి. అయితే ఇందులో ఒక చిక్కుంది. మూడు జట్ల గ్రూపును ఒకే కోర్టులో వరసగా ఆడిస్తే ఏదో ఒక జట్టు వెంటవెంటనే రెండు మ్యాచ్‌లు ఆడక తప్పదు. రెండు గ్రూపుల మ్యాచ్‌లను ఒకటి మార్చి ఒకటి వేస్తే అందరికీ మధ్యలో ఒక మ్యాచ్ విశ్రాంతి దొరుకుతుంది. అనుభవమున్న పీఈటీ మాస్టారికి ఇది చేతనవును. కానీ ఎనిమిది గ్రూపులు, రెండు మూడు కోర్టులు, ఒకే రిఫరీ రెండుచోట్ల పడకుండా, దూరపు జట్టుకు తొలి మ్యాచ్ పడకుండా, ఆడపిల్లల మ్యాచ్‌లు నాలుగింటికల్లా ముగిసేలా కాగితం మీద వేయాలంటే ఆయనకైనా రాత్రంతా పడుతుంది. ఒక జట్టు రానంటే ఆ కాగితం చించి మళ్లీ మొదలుపెట్టాలి. స్కూల్ గేమ్స్ వానాకాలంలో జరిగేటప్పుడు ఒక్క జల్లుకి పూటంతా తారుమారవుతుంది. అలాంటప్పుడు మిగిలిన మ్యాచ్‌లను కొత్త వేళలకు సర్దడం సాఫ్ట్‌వేర్‌కి నిమిషాల పని.

ఇదేమీ కొత్త విద్య కాదు. అందరూ అందరితో ఆడే లీగ్‌ను వరసపెట్టే పద్ధతిని 1847లోనే థామస్ కిర్క్‌మన్ అనే ఇంగ్లండు మతగురువు గణితంలో చూపించాడు. ఆరు జట్లుంటే మొదటి రౌండు 1-6, 2-5, 3-4. ఒకటో జట్టును కదపకుండా మిగతావాటిని ఒక్కో స్థానం తిప్పితే రెండో రౌండు 1-5, 6-4, 2-3. ఇలా ఐదు రౌండ్లలో అందరూ అందరితో ఆడేస్తారు. మన పీఈటీ మాస్టార్లు శిక్షణలో నేర్చుకునే చక్రం పద్ధతి ఇదే. సాఫ్ట్‌వేర్ లోపలా ఇలాంటి లెక్కే ఉంటుంది, దానిపైన వేళలు, కోర్టుల సర్దుబాటు ఉంటుంది.

చదరంగం వాళ్లు ఈ దారిలో ఎప్పుడో ముందుకెళ్లిపోయారు. 1895లో జ్యూరిక్‌లో మొదలైన స్విస్ పద్ధతిలో ప్రతి రౌండు తర్వాతా, అప్పటిదాకా వచ్చిన పాయింట్లను బట్టి కొత్త జోడీలు వేయాలి. వందమంది ఆడే పోటీలో చేత్తో వేస్తే గంటలు పడుతుంది, తప్పులూ దొర్లుతాయి. ఇప్పుడు స్విస్ మేనేజర్ లాంటి ప్రోగ్రాములు ఆ పని చేస్తున్నాయి. నియమాలను ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ముందే రాసిపెట్టింది. జోడీలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి, పిల్లాడి తండ్రి ఫోనులో చూసుకుని బోర్డు నంబరు దగ్గరికి తీసుకెళతాడు. నా కొడుక్కి ఈ ఆటగాడినే ఎందుకు వేశారని ఎవరైనా అడిగితే, ఆర్బిటర్ నియమం చూపిస్తాడు. హంపిని, హరికృష్ణను ఇచ్చిన రాష్ట్రం మనది. చదరంగం పిల్లలకు దక్కుతున్న ఈ మర్యాద కబడ్డీ పిల్లలకు ఎందుకు దక్కకూడదు?

పెద్ద లీగుల సంగతి చూడండి. అమెరికా బేస్‌బాల్‌లో 30 జట్లు, సీజనుకు 2,430 మ్యాచ్‌లు. 2004 దాకా రెండు దశాబ్దాలకు పైగా ఆ షెడ్యూలును హెన్రీ, హాలీ స్టీఫెన్సన్ అనే భార్యాభర్తలు తయారుచేశారు. తర్వాత ఆ పని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ ట్రిక్ ఉన్న బృందానికి వెళ్లింది. జట్ల ప్రయాణ దూరం ఎలా తగ్గించాలన్నది ఆయన, ఆయన సహచరులు 2001లో ఒక గణిత సమస్యగానే ప్రకటించారు. అక్కడ విమానాలు, ఇక్కడ అద్దె వ్యాన్లు. అలసట మాత్రం ఒకటే.

మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలు గుర్తుండే ఉంటాయి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. సచివాలయం స్థాయి నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా దాటి రాష్ట్రస్థాయి దాకా నడిచి, 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిశాయి. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు. మాకు కావలసిన సంగతి ఒకటే: పల్లెటూరి కుర్రాళ్లు పేర్లు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నారు. పేరు ఆన్‌లైన్‌లో ఇవ్వగలిగినవాడు మ్యాచ్ టైము ఆన్‌లైన్‌లో చూసుకోలేడా? లోకల్ క్రికెట్‌లో స్కోరు ఎక్కించే క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లు కూడా మన కుర్రాళ్లకు కొత్త కాదు.

కొందరు పెద్దలు ఒక సందేహం చెప్పారు, అది విలువైనది. కంప్యూటర్ లోపల ఏం జరిగిందో మాకెలా తెలుస్తుంది, చీటీ అయితే కళ్లముందు తీస్తారు కదా అని. అందుకే చీటీ మానేయమని మేం అనడం లేదు. 16 జట్లకు మొదటి రౌండు జోడీలు 20,27,025 రకాలుగా వేయొచ్చు. అందులో ఏది పడాలన్నది అదృష్టానికే వదలాలి, ఆ అదృష్టం అందరి కళ్లముందే తేలాలి. కెప్టెన్లు వచ్చి చీటీలు తీయాలి, రాలేనివాళ్లు వీడియో కాల్‌లో చూడాలి. మన బెల్లం మార్కెట్లో దిమ్మల వేలం రైతు ఎదుట పాడినట్టే, డ్రా ఆటగాడి ఎదుట జరగాలి. వచ్చిన నంబర్లను అక్కడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. నంబరు చీటీది, వేళ సాఫ్ట్‌వేర్‌ది. సీడింగ్ ఇస్తే ఎవరికి, ఏ ఫలితాన్ని బట్టి ఇచ్చారో ముందే రాసి అంటించాలి. పాయింట్లు సమానమైతే ఎవరు పైకి వెళతారో కూడా అదే కాగితం మీద ఉండాలి.

ఖర్చంటారా, ఈ పని ఉచితంగా చేసే ప్రోగ్రాములున్నాయి. చిన్న టోర్నమెంటుకి ఎక్సెల్ షీటే సరిపోతుంది. నెట్ అందని ఊళ్లో ల్యాప్‌టాప్‌లో వేసి, రెండు ప్రింట్లు తీసి కోర్టు దగ్గర, రామాలయం గోడకి అంటించినా చాలు. కరెంటు పోయినా కాగితం మీది టైము పోదు. కంప్యూటర్ తెలిసిన డిగ్రీ పిల్లలు ప్రతి పంచాయతీలో ఉన్నారు. ఆట రాని కుర్రాడికి కూడా టోర్నమెంటులో ఒక గౌరవమైన బాధ్యత దొరుకుతుంది.

జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని, స్కూల్ గేమ్స్ నిర్వాహకులను ప్రత్యేకంగా కోరుతున్నాం. సీజను ముందు అనకాపల్లి ఎన్టీఆర్ స్టేడియంలో ఒకరోజు, నర్సీపట్నంలో ఒకరోజు పీఈటీలకు, కమిటీ సభ్యులకు శిక్షణ పెట్టండి. జిల్లా అంతటికీ ఒకే టోర్నమెంటు క్యాలెండరు తెరవండి. ఒకే ఆదివారం మూడు ఊళ్లు కబడ్డీ పెట్టుకుంటే, ఉన్న కొద్దిమంది రిఫరీలు ఎటు పోవాలి? పక్క ఊరి తేదీ కనిపిస్తే ఎవరైనా ఒక వారం జరుపుకుంటారు. మండల స్థాయి స్కూల్ పోటీల షెడ్యూలు హెడ్‌మాస్టర్‌కు, తల్లిదండ్రులకు మూడు రోజుల ముందు చేరాలన్నది నియమంగా పెట్టండి.

దాతలకు ఒక మాట. షీల్డు మీద మీ పేరు రాయించే ముందు షెడ్యూలు చూపించమని అడగండి. మీరడిగితే కమిటీ వింటుంది.

ఆటగాళ్లకు ఆఖరి మాట. ఎంట్రీ ఫీజు కట్టేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మా మొదటి మ్యాచ్ ఏ రోజు, ఎన్నింటికి, ఏ కోర్టులో అని ఏ తేదీకల్లా చెబుతారు? మర్యాదగానే అడగండి, ప్రతి టోర్నమెంటు దగ్గరా అడగండి. జవాబు చెప్పిన కమిటీకి ఫీజు కట్టి, చెప్పిన వేళకి పది నిమిషాల ముందే బూట్లు కట్టుకుని కోర్టు దగ్గరుండండి.

ఇట్లు,
అనకాపల్లి జిల్లా క్రీడాకారుల పక్షాన
ఒక వాలీబాల్ ఆటగాడు