వించ్ దాచండి, కానీ ఎవరి నుంచి?

మన కుర్రాళ్ల థార్ షౌక్ మీద నాకు ఫిర్యాదు లేదు. హలాల్ కమాయితో కొన్న బండి, ఆదివారం అనంతగిరి వైపు వెళ్లి బురదలో దింపుతారు, మజా చేస్తారు. నా పేచీ అంతా ముందు బిగించే ఇనుప సామానుతోనే. లావుపాటి బుల్‌బార్, దాని మీద దర్జాగా కూర్చున్న వించ్! చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్తంభాల మధ్య ఈ నుమాయిష్ ఎవరి కోసం?

అశోక్‌నగర్ సంగతి తెలిసిందే. గ్రూప్స్ కోచింగ్ పిల్లలు సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా పుస్తకాలు పట్టుకుని రోడ్డు మీదే నడుస్తారు, ఫుట్‌పాత్ దొరకదు మరి. ప్లాస్టిక్ బంపర్ తగిలితే వంగుతుంది, ఇనుప గార్డు తగిలితే మోకాలు విరుగుతుంది. అందుకే 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూపించి, క్రాష్‌గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. దారిలో ముల్లు తీసేయడాన్ని కూడా సదఖాగా లెక్కగట్టిన దీన్ మనది. ఆ ముల్లును మనమే బండికి బిగిస్తే ఎట్లా భాయ్?

కాబట్టి వించ్ కావాలంటే బంపర్ వెనక, ఛాసిస్ పట్టీలకు బోల్టులతో బిగించే దాపుడు వించే మేలు. ఉక్కు తీగ వద్దు, సింథటిక్ తాడు వేయించండి. అది తేలిక, తెగినా ఉక్కు తీగంత ఖతర్నాక్ కాదు. సామానుతో సహా బండి రెండు టన్నులుంటే మూడు టన్నులు లాగే వించ్ ఉండాలి. డ్రమ్ము మీద తాడు చుట్లు పెరిగేకొద్దీ లాగే తాకత్ తగ్గుతుందని దుకాణంలో చెప్పరు.

అయితే దాచడంలోనూ ఫసాద్ ఉంది. మెకానిక్ చెయ్యి క్లచ్ మీటకు అందాలి, తాడు ఎట్లా చుట్టుకుంటోందో కంటికి కనపడాలి. రేడియేటర్‌కు గాలి ఆగకూడదు. గట్టిగా లాగేటప్పుడు మూడు నాలుగు వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది, సన్న వైరు వేస్తే బండే కాలుతుంది. బ్యాటరీ దగ్గర కట్-ఆఫ్ స్విచ్ తప్పనిసరి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల జోలికి పోనివ్వొద్దు. బీమా కంపెనీ నుంచి, ఆర్టీఏ నుంచి మాత్రం దాచకండి. బిగించకముందే కాగితం మీద జవాబు తీసుకోండి.

ఫిజూల్ ఖర్చు అంటారు పెద్దలు. ఊరికే పెట్టుకుంటే ఇస్రాఫే, నేనూ ఒప్పుకుంటాను. కానీ 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? హుస్సేన్‌సాగర్ నాలా పొంగితే అశోక్‌నగర్ గల్లీల్లో ఏమవుతుందో అక్కడివాళ్లనే అడగండి. నీళ్లు తీశాక గుంటలో దిగబడ్డ ఆటోను లాగడానికి అదే వించ్ పనికొస్తుంది. కరెంటు స్తంభానికి మాత్రం కొక్కెం తగిలించకండి. తాడు మీద బరువైన తడి దుప్పటి వేయండి, తాడు ఎంత పొడవుందో జనాన్ని అంత దూరం నిలబెట్టండి. తమాషా చూడ్డానికి ఎగబడే మన గల్లీలో, వించ్ బిగించడం కన్నా అదే కష్టం.