రుచి చెప్పమన్నాడు మా మేనల్లుడు

ఈమధ్య మా ఇంట్లో ఒక పరీక్ష జరిగింది. ప్రశ్న ఇచ్చినవాడు మా మేనల్లుడు, జవాబు రాయవలసినవాణ్ణి నేను. ఇరవయ్యేళ్ళుగా పిల్లలచేత పరీక్షలు రాయిస్తూ, వాళ్ళ కాగితాల మీద ఎర్రసిరా గీతలు గీస్తూ బతుకుతున్నవాడికి తానే పరీక్ష రాయవలసి వస్తే ఎట్లా ఉంటుందో పాఠకులు ఊహించుకోవచ్చు.

మా మేనల్లుడు అమెరికాలో, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చాడు. మా ఊరు మైపాడుకు దగ్గర. రాత్రి నిద్రపట్టకపోతే సముద్రం హోరు వినబడేటంత దగ్గర. వచ్చినవాడు ఇంట్లో అందరికీ తలా ఒకటి పంచిపెట్టి, ఆఖరున తువ్వాల్లో చుట్టి చొక్కాల మధ్య పడుకోబెట్టి తెచ్చిన ఒక సీసా నా చేతిలో పెట్టాడు.

"ఏమిట్రా ఇది?"

"బీరు మామా. అంబర్ ఏల్ అంటారు. తాగమని తేలేదు, రుచి చూడమని తెచ్చాను. అక్కడ మావాళ్ళు ఒక్క గుక్క తాగి దాని రుచి మీద అరపేజీ రాస్తారు. తెలుగులో చెప్పబోతే నాకు 'బాగుంది' అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదు. నువ్వు తెలుగు ఎమ్మే గదా, చెప్పు."

ఎమ్మే చదివితే ఇటువంటి చిక్కులు కూడా వస్తాయని మా గురువుగారు ఆనాడు చెప్పలేదు.

సీసాను ఫ్రిజ్‌లో మజ్జిగ చెంబు పక్కన పెట్టాము. మా అమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది, చూసింది, ఏమీ అనలేదు. మజ్జిగ చెంబు మాత్రం తీసి పై అరలో పెట్టింది.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. అంబర్ అంటే ఏనాటివో చెట్ల బంక భూమిలో గట్టిపడి రాయిలా మారిన పదార్థం. సంస్కృతంలో దాన్ని తృణమణి అన్నారు. రుద్దితే గడ్డిపోచను లాక్కుంటుంది గనుక ఆ పేరు. బీరులో ఆ మణి ఏమీ ఉండదు, రంగు మాత్రమే దానిది. ఇక ఏల్ అనేది బీరులో ఒక శాఖ. మన దేశంలో దుకాణాల్లో దొరికే సీసాలు చాలావరకు లాగర్ అనే రెండో శాఖవి. అవి చల్లటి చోట నెమ్మదిగా పులుస్తాయి. ఏల్ మాత్రం కొంచెం వెచ్చని చోట, త్వరగా పులుస్తుంది. అంచేత దానికి పండు వాసన లాంటిది ఒకటి అబ్బుతుంది.

"ఆ ఎర్రదనం ఎక్కణ్ణించి వస్తుందిరా? రంగు కలుపుతారా?" అని అడిగాను.

"రంగు కాదు మామా, మాల్టు" అన్నాడు.

మాల్టు అంటే గాభరా పడనక్కరలేదు. మన ఇళ్ళలో రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, వేయించి, విసిరి పిల్లలకు జావ కాచిపోస్తామే, అదే మాల్టు. వాళ్ళు బార్లీతో చేస్తారు. గింజ మొలకెత్తేటప్పుడు లోపలి పిండిని చక్కెరగా మార్చే శక్తి అందులో పుడుతుంది. అంబర్ ఏల్‌కు వాడే మాల్టులో కొంతభాగాన్ని ఎండబెట్టకుండా, తడిమీద ఉండగానే వెచ్చబెడతారు. గింజ లోపలే పిండి పాకమవుతుంది. ఆపైన సెగ పెంచి వేయిస్తే ఆ పాకం గట్టిపడి ఎర్రబారుతుంది. అంటే ఒక్కొక్క గింజా ఒక్కొక్క బుల్లి బెల్లప్పాకం మూకుడన్నమాట. రంగూ, తీపీ రెండూ అక్కణ్ణించే.

తీపి ఒక్కటే అయితే రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. దానికి విరుగుడు హాప్స్ అనే తీగ పువ్వు. దాన్ని వేసి కాస్తే చేదు దిగుతుంది, చివర వేస్తే వాసన నిలుస్తుంది. 1972లో అమెరికా వ్యవసాయశాఖవారు కాస్కేడ్ అనే కొత్తరకం హాప్స్ విడుదల చేశారు. ఆ దేశపు ఏల్‌కు ఇంగ్లండు ఏల్ నుంచి వేరైన వాసన వచ్చింది ముఖ్యంగా ఆ జాతి పువ్వుల వల్లనే.

ఈ సరుకు చరిత్ర కూడా మావాడు చెప్పాడు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండేది. అది పోయిన తరువాత చిన్న కార్ఖానాలు చాలావరకు కోలుకోలేదు. నిలదొక్కుకున్న పెద్ద కంపెనీలు దేశమంతటికీ ఒకే మోస్తరు పల్చని పసుపుపచ్చ బీరు పోస్తూ వచ్చాయి. 1978లో, కార్టరు అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చునని చట్టం చేశారు. ఇళ్ళలో కాచి చెయ్యి తిరిగినవాళ్ళు చిన్న చిన్న కార్ఖానాలు పెట్టారు. 1983లో ఉత్తర కాలిఫోర్నియాలో హాప్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్ళో మెండొసీనో అనే కంపెనీ వెలిసింది. ఒకప్పుడు హాప్స్ పండించిన ఊరు గనుక దానికా పేరు. వాళ్ళు చేసిన రెడ్ టెయిల్ ఏల్ ఈ అంబరు జాతికి పేరుమోసిన తొలి ప్రతినిధుల్లో ఒకటి. తమాషా ఏమిటంటే 1997లో ఆ కంపెనీ మన దేశపు విజయ్ మాల్యా చేతికి వచ్చింది. 2018లో మూతబడింది.

1997 అనేసరికి నాకు మావాడి మాటలు వినబడటం మానేశాయి. ఆ సంవత్సరమే మన రాష్ట్రంలో మద్యనిషేధం సడలించారు. ఆ నిషేధానికి విత్తనం పడింది మా నెల్లూరు జిల్లాలోనే. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు పరీక్ష.

సాయంత్రం మిద్దె మీదికి వెళ్ళాము. మావాడు నియమాలు చెప్పాడు. గాజుగ్లాసు జిడ్డు లేకుండా కడగాలి, జిడ్డు తగిలితే నురగ నిలవదు. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచాలి, మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది. గ్లాసు నిండా పోయకూడదు, వాసనకు చోటుండాలి. ముందు చూడాలి, తరువాత వాసన పట్టాలి, ఆ తరువాతే నాలుక. మింగిన తరువాత కూడా కాసేపు మాట్లాడకుండా ఊరుకోవాలి, ఎందుకంటే దీని చేదు మింగిన తరువాతే బయటపడుతుంది. ఇన్ని నియమాలు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి కూడా లేవు.

గ్లాసును పడమటి వెలుగుకు అడ్డం పట్టాను. లేతపాకం పట్టిన బెల్లాన్ని దీపానికి ఎదురుగా పెట్టినట్టుంది. పైన మీగడరంగు నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట కాల్చిన రొట్టె వాసన. దాని వెనక పంపర పనస తొక్క గిల్లినప్పుడు చిమ్మే వాసన. ఇంకా వెనక, మామిడికాయ తొడిమ తుంచితే కారే సొన ఘాటు. నోట్లో పోసుకున్నాను. ముందు తీపి. కమ్మగా, ఒక పిసరు మాడిన పాకంలా. మింగుతూండగా ఆ తీపిని ఎవరో భుజం పట్టి ఆపినట్టు చేదు వచ్చి నిలిచింది. చివరికి నాలుక అంచుల్లో కాస్త వగరు.

మనవాళ్ళు ఆరు రుచులని లెక్కగట్టారు. ఇందులో మూడున్నాయి. కాని లెక్క చెప్పినంత మాత్రాన రుచి చెప్పినట్టు కాదు. ఆలోచిస్తే నాకు ఒక్కటే పోలిక తోచింది.

"ఉగాది పచ్చడిరా అబ్బాయ్! పులుపూ కారమూ తీసేసిన ఉగాది పచ్చడి. బెల్లానికి వేపపువ్వు ఎందుకు వేస్తామో అందుకే వీళ్ళు ఆ పువ్వు వేశారు. తీపి హద్దు మీరకుండా చేదు కాపలా కాస్తుంది. ఏ ఒక్కటీ గెలవకూడదు, అదీ దీని మర్మం."

మావాడు సంతోషించాడు. "మరి మన తాటికల్లుకు ఇట్లాంటి వర్ణన ఎందుకు లేదు మామా?" అన్నాడు.

వర్ణన రాయలేదు గాని రుచి ఎరిగినవాళ్ళు లేకపోలేదు. ఈ తీరం పొడుగునా తాళ్ళు ఉన్నాయి. కుండ లోపల సున్నం పూసి కడితే దిగేది తియ్యని నీరా. సున్నం లేకపోతే గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు పట్టుకుని చెట్టుమీదే పులవడం మొదలుపెడుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి నోట పెట్టలేము. మా ఊళ్ళో ఒక ముసలి గీతగాడు ఉండేవాడు. ముంతెడు కల్లు చేతికిస్తే అది పోతుతాటిదో పెంటితాటిదో, ఏ పొద్దున దించిందో చెప్పేవాడు. అతనికి అక్షరం ముక్క రాదు. ఆ విద్య అతనితోనే పోయింది.

ఆ మీదట సారా వచ్చింది. పొట్లాల్లో ఇంటి గుమ్మం దాకా వచ్చింది. దానికి రుచి లేదు. రుచి కోసం దాన్ని ఎవరూ తాగలేదు కూడా. నాలుకకు తగలకుండా గుటుక్కున మింగి, ఆ కంపు పోవడానికి ఊరగాయ బద్ద చప్పరించేవాళ్ళు. "చూశావా, అదీ తేడా. రుచి చూసేవాడు వేరు, తాగేవాడు వేరు. రుచి తెలిసినవాడు పాడవడు" అని నేను తరగతిలో పాఠం ముగించినట్టు ముగించాను.

"మీ నాయన గూడా మొదట కల్లు రుచి చూడనే పోయినాడురా."

మా అమ్మ ఎప్పుడు మిద్దె ఎక్కిందో మేము చూడలేదు. ఆరేసిన వడియాలు తీసుకోవడానికి వచ్చింది.

మా నాయన కల్లుతో మొదలుపెట్టి సారాతో ముగించారు. 1991లో పోయారు. నాకు అప్పుడు పదకొండేళ్ళు. ఆ రోజుల్లోనే జిల్లా అంతటా రాత్రిబడులు నడుస్తుండేవి. మా అమ్మ అక్కడే అక్షరాలు దిద్దింది. తాగుబోతు మొగుడి వల్ల నాశనమైన సీతమ్మ కథ ఆ వాచకంలో పాఠంగా ఉండేది. చదువుకున్న ఆడవాళ్ళు అది ఎవరి కథో ఇట్టే పోల్చుకున్నారు. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మగారి పేరు, ఆ ఊరి పేరు దేశమంతా వినబడ్డాయి. 1992లో ఊరూరా చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డారు. మా ఊళ్ళో నిలబడ్డవాళ్ళలో మా అమ్మ ఒకతె. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే పోయింది.

అటువంటి ఆవిడ ముందు నేను గ్లాసు పట్టుకుని రుచికి రక్షణశక్తి ఉన్నదని ఉపన్యసిస్తున్నాను! అంబర్ ఏల్‌లోనూ నూటికి 5, 6 పాళ్ళు మత్తు ఉన్నది. పంపర పనస వాసన వేసినంత మాత్రాన ఆ పాళ్ళు తగ్గవు. నా వాదం ఎక్కడ విరిగిందో అప్పుడు తెలిసింది. రుచి ఎరగడం మంచి విద్యే. కాని ఆ విద్య మనిషిని ఆపుతుందని హామీ ఇవ్వలేము. ఆగగలవాడికి రుచి దక్కుతుంది గాని, రుచి వల్ల ఆగడం రాదు. ఇది నేను తలకిందులుగా చెప్పాను.

అమ్మ నా చేతిలోని గ్లాసు తీసుకుంది. వెలుగుకు పట్టి చూసింది. వాసన చూసింది.

"వేపపువ్వు నేతిలో వేయించినట్టుండాది" అన్నది. నేను పావుగంట తంటాలుపడి చెప్పినదాన్ని ఆవిడ ముక్కుతోనే చెప్పేసింది. ఆ తరువాత సీసా వైపు చూసింది. "ఇంకా ఎంత ఉండాది?"

"సగముంది అమ్మమ్మా" అన్నాడు మావాడు.

"రుచి తెలిసింది గదా?"

"తెలిసింది."

"అయితే ఇంకా దేనికి?"

ఆ మాటలో కోపం లేదు. పిల్లలు అన్నం తిన్నారో లేదో అడిగినట్టు అడిగి, వడియాల చేట తీసుకుని మెట్లు దిగిపోయింది. మావాడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఆ ప్రశ్నకు అమెరికావాళ్ళ నియమాల్లో గాని, నా ఎమ్మేలో గాని జవాబు దొరకలేదు. చీకటి పడిన తరువాత మావాడే లేచి వెళ్ళి, మిగిలిన సగం కరివేపాకు చెట్టు మొదట్లో పోసి వచ్చాడు.

పరీక్ష రాసింది నేనయినా, నూటికి నూరు మార్కులు అమ్మమ్మకే అని మా మేనల్లుడు తీర్పు చెప్పాడు. నేను పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టుకోలేదు.