మన పెట్టెల్లోని పాటలు

చదువు గురించి, క్రమశిక్షణ గురించి, ఉద్యోగాల గురించి ఈ సంచికలో సార్లు, పెద్దలు ఎలాగూ రాస్తారు. మేము పాటల గురించి రాస్తున్నాం. ఇంత పెద్ద సంచికలో ఇదేం విషయమని కొందరు నవ్వవచ్చు. నవ్వినా సరే, ఈ రెండు పేజీలు చదవండి.

మేమంతా 1990ల చివరి నుంచి 2000ల మధ్య దాకా చేవెళ్లలో, మొయినాబాద్‌లో సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్లం. అప్పట్లో మా ఆస్తి అంటే ఒక రేకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దుప్పటి. ఆ పెట్టె అడుగున, బట్టల మడతల కింద కొందరికి నాలుగైదు క్యాసెట్లు ఉండేవి. టేప్‌రికార్డర్ అందరికీ ఉండేది కాదు. క్యాసెట్ ఒకరిది, టేప్‌రికార్డర్ ఇంకొకరిది, సెల్లులు మరొకరివి. ముగ్గురూ కలిస్తేనే పాట.

ఆ పెట్టెల్లో ఏముండేవో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకే పెట్టెలో గద్దరన్న పాటల క్యాసెట్, దాని పక్కనే చిలుకూరు బాలాజీ గుడి దగ్గర కొన్న భక్తి పాటలు. చర్చికి పోయే మిత్రుడి దగ్గర క్రీస్తు కీర్తనలు. ఆ కీర్తనల్లో చాలా వాటిని పురుషోత్తమ చౌదరి అనే కవి 19వ శతాబ్దంలోనే రాశాడని మాకు చాలా కాలం తర్వాత తెలిసింది. దర్గా ఉర్సుకు పోయి వచ్చిన వాళ్ల దగ్గర ఖవ్వాలీలు. ఇంకో పెట్టెలో ఇళయరాజా, ఎ.ఆర్. రహమాన్. 'ప్రేమదేశం' (1996) క్యాసెట్ ఎన్ని చేతులు మారిందంటే, చివరికి దాని మీద అక్షరాలే కనబడకుండా పోయాయి. ఏప్రిల్ 14 వచ్చిందంటే మాస్టార్జీ పాటలు. 2002 నుంచి ధూంధాం పాటలు. హాస్టల్లో ఎక్కువమంది ఎస్సీ పిల్లలమే అయినా బీసీ, ఎస్టీ, మైనారిటీ మిత్రులు కూడా కొందరుండేవాళ్లు కదా, ఎవరింటి పాట వాళ్లు మోసుకొచ్చేవారు.

ఇట్లాంటి కలగూరగంపను చూసి, 'నీకు ఒక టేస్టు లేదురా' అని వెక్కిరించినవాళ్లు కాలేజీలో మాకు తగిలారు. ఒక మనిషి ఒకే రకం పాటలు వింటేనే సంస్కారం ఉన్నట్టు వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని మా అభిప్రాయం. ఎవరి ఇంట్లో వందల రికార్డులు, పెద్ద స్పీకర్లు ఉంటాయో వాళ్లు ఒక రకాన్ని ఎంచుకొని కూర్చోవచ్చు. మన చెవికి పాట ఎంచుకుంటే వచ్చింది కాదు. పెళ్లి మైకులోంచి, సావు దగ్గర డప్పులోంచి, పీరీల గుండం చుట్టూ ఆడే ఆటలోంచి, వివిధభారతిలోంచి, బీజాపూర్ రోడ్డు మీద పోయే బస్సులోంచి వచ్చింది. అట్లా వచ్చినవాటిని దేన్నీ పారేయకుండా దాచుకున్నాం. దాన్ని టేస్టు లేకపోవడం అనరు.

రికార్డింగ్ షాపు సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 60 నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, పాటల పేర్లు ఒక కాగితం మీద రాసి షాపులో ఇస్తే, రెండు మూడు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. పాటకు ఐదు నిమిషాల చొప్పున రెండు వైపులా కలిపి 12 పాటలు. పైసలు నలుగురైదుగురం కలిసి వేసుకునేవాళ్లం కాబట్టి ఆ 12 పాటల దగ్గర పెద్ద పంచాయితీ జరిగేది. ఒకడు ఘంటసాల కావాలంటాడు, ఇంకొకడు రహమాన్ అంటాడు, మరొకడు 'ఒరేయ్ రిక్షా' (1995)లో గద్దరన్న పాట లేకపోతే నా పైసలు నాకియ్యండి అంటాడు. చివరికి తలా రెండు మూడు పాటలు. అట్లా తయారైన క్యాసెట్‌లో మనకు నచ్చిన పాట కోసం మనకు నచ్చని రెండు పాటలు వినాల్సిందే. ముందుకు తిప్పితే సెల్లులు అయిపోతాయి. ఆ బలవంతపు వినడంలోనే మాలో ఒకరికి ఖవ్వాలీ అంటే ప్రేమ పుట్టింది. నుస్రత్ ఫతే అలీ ఖాన్ (1948-1997) పాడే భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా రాత్రి స్టడీ అవర్ తర్వాత పడుకోబోయే ముందు ఆ పాటే పెట్టమనేవాడు.

తర్వాత ఎంపీ3 సీడీలు వచ్చాయి. 700 ఎంబీల సీడీలో 140 పాటల దాకా పట్టేవి. పన్నెండింటి కోసం కొట్లాడుకున్నవాళ్లకు నూటనలభై దొరికేసరికి పంచాయితీ పోయింది. పంచాయితీతోపాటు ఇంకేదో కూడా పోయిందని అనిపిస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మా పెట్టెల్లో అన్ని పాటలకూ ఒకే మర్యాద ఉండేది కాదు. సినిమా పాటల క్యాసెట్ బయట పెట్టేవాళ్లం, అమ్మ పాడిన నాట్ల పాట రికార్డు చేసుకున్న క్యాసెట్ అడుగున దాచేవాళ్లం. డప్పు చప్పుడు వినబడితే 'మీవాళ్లు వచ్చిండ్రు రా' అని బడిలో తోటి పిల్లలు అన్న మాటలు మనలో చాలామంది పడ్డవే. ఆ మాటకు తలదించుకున్నవాడు డప్పు పాటను తన పాట అని ఎట్లా చెప్పుకుంటాడు? అందుకే పాటలు పంచుకోవడం అనేది మనకు సరదా ఒక్కటే కాదు. ఏ పాటను బయట పెడతాం, ఏ పాటను దాస్తాం అనే దగ్గర మన బతుకే ఉంది.

మరి అదే డప్పు, అదే జానపదం ఊరు దాటి పోయినప్పుడు ఏమైందో చూడండి. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మన చేవెళ్ల నుంచే మొదలైంది. ఆ మరుసటి ఏడు ఎన్నికలు. ఆ రెండేళ్లలో మైకుల్లో మోగినవి ఎక్కువగా మన అమ్మల బాణీలే, మాటలు మాత్రం వేరు. గోరటి వెంకన్న పల్లె పాట 'కుబుసం' (2002) సినిమాలోకి ఎక్కి ఇంటింటికీ పోయింది. ఆయనకే 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరను సంకకు తగిలించుకొని ఊరూరా తిరిగి పాడినవాడే. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అవార్డు వచ్చినాక కిన్నెర గొప్పదైందని మేము అనడం లేదు, అంతకుముందు కూడా అది అంతే గొప్పది. మనమే దాన్ని పెట్టె అడుగున పెట్టుకున్నాం.

ఇళయరాజా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తమిళనాడులోని పణ్ణైపురం అనే చిన్న ఊళ్లో, 1943లో, దళిత కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే అన్న పావలర్ వరదరాజన్ వెంట ఊరూరా తిరిగి కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాడాడు. మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. శాస్త్రీయ సంగీతం నేపథ్యంగా ఉన్న 'సాగరసంగమం' (1983), 'రుద్రవీణ' (1988) అనే రెండు తెలుగు సినిమాలకు జాతీయ అవార్డులు తీసుకున్నాడు. 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీని వినిపించాడు. నాట్ల పాట, పార్టీ పాట, కర్ణాటక రాగం, యూరప్ వయొలిన్లు అన్నీ ఆ ఒక్క మనిషిలో ఉన్నాయి. ఆయన 'ఇది మావాళ్లది, అది పెద్దవాళ్లది' అని గీత గీసుకొని కూర్చుంటే మనకు ఆ పాటలుండేవా? గద్దరన్న కూడా అంతే. ఒగ్గుకథ, యక్షగానం, జోలపాట, ఏది కనబడితే దాన్ని తీసుకొని అందులో తన మాట నింపాడు. 2023 ఆగస్టు 6న ఆయన పోయిననాడు మాలో చాలామందిమి పాత క్యాసెట్ల కోసం పెట్టెలు వెతుక్కున్నాం. కొన్ని దొరికాయి. దొరికినవాటిలో కొన్ని మోగలేదు.

ఇప్పటి తమ్ముళ్ల చేతిలో, సెలవుల్లో ఇంటికి పోతే, ఫోన్ ఉంటుంది. లోకంలోని పాటలన్నీ అందులో ఉన్నాయి. జమైకా బాబ్ మార్లీ ఉన్నాడు, చెన్నైలో 2017లో పా. రంజిత్ చొరవతో మొదలైన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ ఉంది. ఇది చిన్న సౌకర్యం కాదు, మా కాలంలో ఉంటే ఎగిరి గంతేసేవాళ్లం. కానీ ఒక పాట విన్నామంటే ఫోన్ అలాంటివే పది తెచ్చి ముందర పెడుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పక్కవాడు ఏం వింటున్నాడో తెలియదు. నచ్చని పాట వినే అవసరమే లేదు. ఒకే గదిలో పదిమంది, పది పాటలు, ఒకరిది ఒకరికి తెలియదు. ఖవ్వాలీని ప్రేమించిన మా మిత్రుడిలాంటివాడు ఇప్పుడు ఎట్లా తయారవుతాడని మా సందేహం.

పాటలంటే చదువు పాడవుతుందని తల్లిదండ్రులు, వార్డెన్ సార్లు భయపడటంలో న్యాయం ఉంది. పదో తరగతి పరీక్షల ముందు ఎవరూ స్పీకర్ పెట్టుకొని కూర్చోవాలని మేము చెప్పం. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయినాక ఒక్క గంట చాలు. ఒక స్పీకర్, ఐదుగురు పిల్లలు, తలా రెండు పాటలు. పాట పెట్టినవాళ్లు అది ఎవరి దగ్గర విన్నారో, ఎందుకు దాచుకున్నారో రెండు మాటలు చెప్పాలి. మిగతావాళ్లు నచ్చినా నచ్చకపోయినా చివరిదాకా వినాలి, అదొక్కటే షరతు. ఏ మతం పాటైనా, ఏ భాష పాటైనా, తీన్మార్ అయినా సరే. బాలికల హాస్టళ్లలో బతుకమ్మ నాడు ఇది సగం జరుగుతూనే ఉంది. మిగతా సగం బాలుర హాస్టళ్లు నేర్చుకోవాలి.

పూర్వ విద్యార్థులకు వేరే పని ఉంది. సినిమా క్యాసెట్ పోతే పోనీయండి, ఆ పాట ఇంకోచోట దొరుకుతుంది. మీ నాయనమ్మ పాడిన పాట, మీ ఊరి భజన, మీ పెద్దనాన్న డప్పు దరువు ఎక్కించుకున్న క్యాసెట్ మాత్రం లోకంలో ఒక్కటే ఉంటుంది. టేపు మీద ఉండేది సన్నని పూత. తేమకు బూజు పడుతుంది, అయస్కాంతం పక్కన పెడితే శబ్దం చెరిగిపోతుంది, ఏళ్ల తరబడి కదపకపోతే చుట్లు అతుక్కుంటాయి. అటకమీద ఉన్నవాటిని ఇప్పుడే దించండి. నేరుగా ప్లే నొక్కవద్దు. ముందు పెన్నుతో రెండు చుట్లు తిప్పి చూడండి, బూజు ఉంటే టేప్‌రికార్డర్‌లో పెట్టనే వద్దు, విడిగా తీసి మాకు ఇవ్వండి. బాగున్నవాటిని టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరుతో కంప్యూటర్‌కు కలిపి ఎక్కించుకోవచ్చు. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, తొందర కుదరదు.

వార్షికోత్సవం రోజు స్టేజీ పక్కన ఒక బల్ల వేసుకొని మేము కూర్చుంటాం. పనిచేసే టేప్‌రికార్డర్ ఒకటి సంపాదించాం. క్యాసెట్ తెచ్చినవాళ్లు దాని మీద పాడినవాళ్ల పేరు, ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో రాసి తీసుకురండి. పాడినవాళ్లు బతికే ఉంటే, నలుగురికీ వినిపించడానికి వాళ్లను అడిగి రండి. ఎక్కించుకున్నాక క్యాసెట్ మీది మీకే ఇస్తాం.