హున్సా పిడిగుద్దులు - నా అభిప్రాయం

హోలీ నాడు బోధన్ దగ్గరి హున్సాలో పిడిగుద్దులాట జరుగుతుంది. ఊరి నడుమ మోకు కడతారు. రెండు జట్లు చెరోవైపు నిలిచి, ఒక చేత్తో మోకు పట్టి, రెండో చేత్తో గుద్దుకుంటాయి. అయ్యాక కౌగిలించుకుంటారు. (బకెట్ల దగ్గర తగవుపడి నెలంతా మాట్లాడుకోని మనకిది వింతే!)

సెలవులో ఇంట్లోవాళ్లతో చూడబోయాను. చెల్లి ఈలలు వేసింది, అమ్మ కళ్లు మూసుకుంది.

పోలీసులు వద్దన్న ఏళ్లలోనూ ఆట ఆగలేదు. ఆపాలని నేనూ అనను. కానీ దెబ్బలకు కామదహనం బూడిద రాసుకోవడం నాకు నచ్చలేదు. పగిలిన పెదవికి బూడిద మందా? మోకు పక్కనే దూది, టింక్చర్‌తో ఒక కంపౌండర్‌ను కూర్చోబెట్టాలి.

తిరిగొస్తుంటే బాపు పిడికిలి బిగించి చూసుకుంటున్నాడు. "వచ్చే ఏడు నువ్వు గిట్ల మోకు ముట్టేవు, జాగ్రత్త!" అంది అమ్మ.