రోబో చేసే హునర్ షెడ్లలో ఉంది... ల్యాబ్ తలుపు మాత్రం దూరంగా ఉంది

2025 ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో విద్యకు సంబంధించి ఒక పెద్ద ప్రకటన ఉంది. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటు చేస్తామని ప్రభుత్వం చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 20న మంగళగిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించారు. దానికి అనుబంధంగా ఉన్న ఐదు ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి రాజమహేంద్రవరానికి దక్కింది. పిల్లల చేత యంత్రాలు చేయించాలన్న మాట ఢిల్లీలోనూ వినిపిస్తోంది, అమరావతిలోనూ వినిపిస్తోంది. మరి గోదావరి డెల్టాలోని ముస్లిం కుటుంబాలకు ఇందులో దక్కేది ఎంత?

ఈ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో చూస్తే కాలేజీల్లో చేరిన విద్యార్థుల్లో వారి వాటా 4.6 శాతమే. ఈ తేడా కాలేజీ గేటు దగ్గర పుట్టింది కాదు. బడిలో ఉన్నప్పుడే, ఏడో తరగతి, ఎనిమిదో తరగతిలోనే, 'ఈ చదువు నాకు పనికొస్తుందా' అన్న అనుమానం పిల్లవాడిలో మొదలవుతుంది. ఆ అనుమానాన్ని తీర్చగల కొద్ది దారుల్లో రోబోటిక్స్ ఒకటి. ఎందుకంటే అక్కడ చేసిన పని కళ్లముందు కదులుతుంది.

సామాను ఉంటే సరిపోదు, సీజన్ ఉండాలి

అటల్ ఇన్నోవేషన్ మిషన్‌ను నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టింది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. అందులో 10 లక్షలు సామానుకు, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలు వాడుకోవచ్చు. త్రీడీ ప్రింటర్, ఆర్డుయినో బోర్డులు, సెన్సర్లు, మోటార్లు, చిన్నచిన్న పనిముట్లు వస్తాయి. దేశంలో ఇప్పటికే పది వేల ల్యాబ్‌లు ఇలా ఏర్పడ్డాయి.

అయితే గది నిండా సామాను ఉన్నంత మాత్రాన టీమ్ తయారు కాదు. రోబోటిక్స్ బలంగా ఉన్న దేశాల్లో పిల్లలను కలిపి ఉంచేది సామాను కాదు, సీజన్. అమెరికాలో 1989లో డీన్ కేమెన్ స్థాపించిన 'ఫస్ట్' అనే సంస్థ నడిపే పోటీలు దీనికి మంచి ఉదాహరణ. అందులో 'ఫస్ట్ టెక్ ఛాలెంజ్' అనేది 12 నుంచి 18 ఏళ్ల పిల్లలది. ఏటా సెప్టెంబరులో ఆ ఏడాది ఆట ఏమిటో ప్రకటిస్తారు. అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రోబో మొదట్లో 18 అంగుళాల పొడవు, వెడల్పు, ఎత్తు దాటకూడదు. మ్యాచ్‌లో తొలి 30 సెకన్లు రోబో తనంతట తానే నడవాలి. ఆ తర్వాత రెండు నిమిషాలు పిల్లలు రిమోట్‌తో నడుపుతారు. రెండు టీమ్‌లు ఒక జట్టుగా ఆడతాయి. ఈ మ్యాచ్‌లో తోడున్న టీమే తర్వాతి మ్యాచ్‌లో ఎదురు నిలబడొచ్చు. అందుకే పక్క టీమ్ రోబో చెడిపోతే స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లి సాయం చేయడం అక్కడి ఆనవాయితీ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అక్కడ పెద్ద అవార్డు ఎక్కువ పాయింట్లు కొట్టిన రోబోకే రావాలని లేదు. రోబో ఎలా కట్టారో రాసుకున్న రికార్డు, ఊళ్లో ఎంతమందికి నేర్పారు, చిన్న పిల్లల టీమ్‌లకు ఎలా తోడ్పడ్డారు అన్నవన్నీ జడ్జీలు అడుగుతారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ పోటీల్లో బాగానే కనిపిస్తారు. వాళ్లకు అక్కడ దొరికిందీ, డెల్టా పిల్లలకు ఇక్కడ దొరకనిదీ తెలివి కాదు. ఏడాది పొడవునా సాగే ఒక క్రమం.

ఉస్తాద్ షెడ్డు చదువు కాదా?

డెల్టా ముస్లింలు రాయలసీమలో లాగా ఒక్కచోట పెద్ద సంఖ్యలో లేరు. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం, నరసాపురం, కోనసీమ పట్టణాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. బతుకుతెరువు చూస్తే మాత్రం ఒక పోలిక కనిపిస్తుంది. బైక్ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్, వెల్డర్, లేత్ పని, ఏసీ రిపేరు, టైలరింగ్, పరుపుల పని. గల్ఫ్‌కు వెళ్లినవారిలోనూ చాలామంది చేతి పని తెలిసినవారే.

ఇప్పుడు రోబోటిక్స్ ల్యాబ్‌లో పిల్లలు నేర్చుకునేది ఏమిటో చూడండి. మోటారు ఎంత బరువు లాగుతుంది, గేర్ నిష్పత్తి మారితే వేగం ఎందుకు తగ్గి బలం పెరుగుతుంది, వైరు ఎక్కడ షార్ట్ అయింది, టాకా ఎలా వేయాలి, బేరింగ్ ఎందుకు బిగుసుకుంది. వీటిలో సగం మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తున్న కుర్రాడికి చేతి అలవాటుగా తెలుసు. తెలియనిది ఆ పనికి ఉన్న పేరు, లెక్క, ప్రోగ్రామింగ్. బడిలో ఉన్న పిల్లవాడికి పేరు, లెక్క తెలుసు గానీ చేయి తిరగలేదు. ఒక గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడ్డారు.

ఆ గోడ కూలితే ఏమవుతుందో ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ అమ్మాయిలు చూపించారు. పారిశ్రామికవేత్త రోయా మెహబూబ్ చొరవతో తయారైన ఆ టీమ్ 2017 జులైలో వాషింగ్టన్‌లో జరిగిన 'ఫస్ట్ గ్లోబల్' పోటీకి వెళ్లాల్సి ఉండగా వీసా రెండుసార్లు తిరస్కరించారు. ప్రపంచమంతా మాట్లాడుకున్నాక చివరి నిమిషంలో అనుమతి వచ్చింది. ధైర్యానికి గుర్తింపుగా వాళ్లకు వెండి పతకం దక్కింది. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే టీమ్ పాత టయోటా కరోలా కారు భాగాలతో చవక వెంటిలేటర్ నమూనా తయారు చేసింది. అప్పటి కెప్టెన్ సోమయా ఫారూఖీ తొలి పాఠాలు నేర్చుకున్నది తండ్రి నడిపే కార్ల రిపేరు షెడ్డులోనే. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక టీమ్ సభ్యులు కొందరు ఖతర్‌కు, కొందరు మెక్సికోకు వెళ్లిపోవాల్సి వచ్చింది. తలుపు తెరవడం ఎంత కష్టమో, అది మూసుకుపోవడం ఎంత తేలికో ఈ ఒక్క కథ చెబుతుంది.

డెల్టాకు కావాల్సిన రోబో ఏది?

పోటీల్లో బంతులు ఎత్తి బుట్టలో వేసే రోబో బాగానే ఉంటుంది. కానీ పిల్లల్ని నిజంగా పట్టి ఉంచేది తమ ఊరి సమస్య. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చూడండి. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రయ్యేసరికి అదే నాచు, రొయ్యలు, అడుగు మట్టి అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేసుకుంటాయి. తెల్లవారుజామున అది అడుగంటుతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్య ఒత్తిడికి గురవుతుంది. ఆ సమయానికి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే కొన్ని గంటల్లో పంట పోతుంది. రైతు నిద్ర మానుకుని గట్టు మీద కూర్చునేది ఇందుకే.

నీటిలో ఆక్సిజన్ చూసి, తగ్గగానే ఫోన్‌కు కబురు పంపే చిన్న పరికరం చేయడం తొమ్మిదో తరగతి పిల్లల స్థాయికి అందని పని కాదు. చేయబోతే అసలు పాఠం అప్పుడు బయటపడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉష్ణోగ్రత సెన్సర్ లాగా చవకది కాదు. పైగా చెరువు నీళ్లలో నాలుగు రోజులు ఉంచితే పాచి పట్టి తప్పుడు లెక్క చూపిస్తుంది. కోడ్ రాయడం కన్నా దాన్ని శుభ్రంగా ఉంచే ఏర్పాటు చేయడం కష్టం. ఇది తెలిసిన పిల్లవాడు ఇంజనీరు అయ్యే దారిలో ఉన్నట్టే. 1206లో అల్ జజరీ తన గ్రంథంలో నీళ్లు తోడే యంత్రాలను బొమ్మలతో సహా వివరించాడు. ఆయన పేరు సభల్లో గర్వంగా చెప్పుకోవడం తేలిక. ఆయనలా ఎదురుగా ఉన్న నీటి సమస్యను పట్టుకోవడం అసలు వారసత్వం.

అడ్డుగా మూడు గోడలు

మొదటిది పదో తరగతి. పథకం పన్నెండు వరకు అంటోంది. కానీ రాష్ట్రంలో చాలా ప్రభుత్వ హైస్కూళ్లు పదితో ఆగిపోతాయి. ఆ తర్వాత ఇంటర్, జూనియర్ కాలేజీ, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎంపీసీ కోచింగ్. నాలుగేళ్లు నేర్చుకుని, చిన్నవాళ్లకు నేర్పే స్థాయికి వచ్చిన సరిగ్గా ఆ ఏడాదే పిల్లవాడు ల్యాబ్ వదిలేస్తాడు. టీమ్ మళ్లీ మొదటికి వస్తుంది. ఉస్తాద్ లేని షెడ్డులో శాగిర్దులు ఎన్నాళ్లు నిలుస్తారు?

రెండోది డబ్బు. ల్యాబ్ కోసం దరఖాస్తు చేసే బడికి మైదాన ప్రాంతంలో 1,500 చదరపు అడుగుల స్థలం చూపించాలి. తగినంత మంది పిల్లలు ఉండాలి. పెద్ద బడికి ఇది ఇబ్బంది కాదు. మొహల్లాలోని చిన్న బడికి, తక్కువ మంది చదివే ఉర్దూ బడికి ఇక్కడే దారి మూసుకుపోతుంది. పైగా 2022లో మైనారిటీ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఎనిమిది వరకు చదువు ఎలాగూ ఉచితమే కదా అన్నది కారణం. ఫీజు ఉచితం సరే, పోటీకి వెళ్లే బస్సు ఛార్జీ, కాలిపోయిన మోటార్ బదులు కొత్తది ఉచితం కావు. ఆసక్తి పుట్టే వయసు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులే. సాయం ఆగింది కూడా అక్కడే.

మూడోది ఆడపిల్లలు. సాయంత్రం ఆరు దాటాక ల్యాబ్‌లో ఉండాలంటే, వేరే ఊరు పోటీకి వెళ్లాలంటే అమ్మీ, అబ్బా ఆలోచిస్తారు. తప్పు పట్టాల్సిన పని లేదు. తోడు ఎవరు వస్తారు, రాత్రి బస ఎక్కడ, నమాజుకు చోటు ఉంటుందా అన్నవాటికి బడి ముందే స్పష్టంగా జవాబు చెబితే చాలా ఇళ్లలో 'వద్దు' అన్న మాట 'సరే' అవుతుంది. తల్లుల్లో ఒకరిని టీమ్‌తో పంపే ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కూడా కాదు.

పిలిస్తే వస్తారు

ల్యాబ్ ఒక్క బడి సొత్తు కాదు. పక్క బడుల పిల్లలకు, చుట్టుపక్కల జనానికి దాన్ని తెరవాలన్నది ఈ పథకం ఉద్దేశాల్లోనే ఉంది. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి సందర్భంగా కమ్యూనిటీ డే జరపడం ఇందుకే మొదలైంది. అంటే చిన్న బడి పిల్లలు పెద్ద బడి ల్యాబ్‌లో కూర్చోవడం ఎవరో చేసే ఉపకారం కాదు, అడగదగిన విషయం. ఇక తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది, భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ చదివే విద్యార్థులు నెలకు రెండు శనివారాలు వచ్చినా ఒక టీమ్ నిలబడుతుంది. వాళ్లలో 2007 నుంచి అమలవుతున్న బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్‌తో సీటు పొందినవారూ ఉన్నారు. తమ వెనక వచ్చేవారికి చేయి అందించే బాధ్యత వారిమీద కొంత ఎక్కువే.

మసీదు కమిటీలకూ ఇందులో చోటుంది. ఖాళీగా ఉండే హాలులో ఒక బల్ల, నాలుగు ప్లగ్ పాయింట్లు, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, రెండు ఆర్డుయినో బోర్డులతో మొదలుపెట్టొచ్చు. ఆదివారం రెండు గంటలు మొహల్లాలోని ఆటో ఎలక్ట్రీషియన్‌ను ఉస్తాద్‌గా కూర్చోబెట్టొచ్చు. లెక్క చెప్పేది కాలేజీ కుర్రాడు, వైరు చూపించేది ఉస్తాద్. ఇద్దరినీ చూస్తున్న పిల్లవాడికి తన అబ్బా చేసే పనీ, తాను చదివే చదువూ వేరు కాదని తెలుస్తుంది.

50,000 ల్యాబ్‌ల మాట ఐదేళ్ల గడువుతో వచ్చింది. ఏ బడికి వస్తుందో చాలావరకు అడిగేవారిని బట్టి ఉంటుంది. వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో తల్లిదండ్రులు మార్కులతో పాటు మూడు ప్రశ్నలు వేస్తే చాలు. ఈ బడికి ల్యాబ్ ఉందా, లేకపోతే దరఖాస్తు చేశారా? ఉంటే వారంలో ఎన్ని గంటలు తెరుస్తున్నారు? అందులో ఆడపిల్లలు ఎంతమంది? జవాబు రాకపోతే మరుసటి మీటింగ్‌లో మళ్లీ అడగాలి.