తాడుబండి

కొల్లేటి లంకలలో పుట్టిన బిడ్డకు ఎత్తు అనగా ఏమి? చెరువు గట్టు, కాలువ వంతెన, మహా అయితే తాడిచెట్టు. అయినను ఎత్తును గూర్చి ఆ ఇండ్లలో జరిగినంత వాదోపవాదం కొండవాసులలో కూడ జరిగి ఉండదు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున పోయే అయిదో కాంటూరు 1999లో ప్రకటించిన అభయారణ్యానికి హద్దు. ఆ గీత లోపల ఉన్నవన్న కారణంగానే 2006లో ఎన్నో చేపల చెరువుల గట్లు తెగగొట్టినారు. ఇంత చేసిన ఆ గీత మాత్రం ఎవరి కంటికీ ఆనదు. నేల అంత చదును.

అట్టి పిల్లలను విశాఖపట్నం తీసికొనిపోయి కైలాసగిరి రోప్‌వే ఎక్కించినాను. 'రజ్జుమార్గ'మని నేను చెప్పబోతే ఎవరూ వినలేదు. 'తాడుబండి' అని వారే పేరు పెట్టుకొన్నారు. నా మాటకంటె అదే బాగున్నది.

బండి కదలగానే కేకలు వేసినారు. కొంత పైకి పోగానే అందరూ మౌనం వహించినారు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, క్రింద బీచి రోడ్డు, దాని ప్రక్కన తెల్లని నురుగు గీత. ఎత్తు పెరిగినకొద్దీ అలల కదలిక కంటికి ఆగిపోయి, ఆ నురుగు పటంలో గీచినట్లే కనబడసాగినది. ఒక లంక కుర్రవాడు అన్నాడు: "మాస్టారూ, సున్నా కాంటూరు అదే కదండీ!"

మెట్లదారిన ఎక్కేవాడు తన పాదాలను చూచుకొంటాడు. తాడుబండిలో కూర్చున్నవాడు నేల అంచెలంచెలుగా దిగిపోవుట చూస్తాడు. దిగే బండి బరువు ఎక్కే బండికి సాయపడుట, మోటారు తక్కిన భారమే మోయుట కూడ అక్కడే చూపవచ్చును. భౌతికశాస్త్రం చెప్పే మిత్రులకు ఇంతకంటె మంచి పాఠశాల ఏది?

ఇది సోమరుల సాధనమనే ఉపాధ్యాయులున్నారు. ప్రమాదమనేవారూ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని త్రికూట పర్వతం దగ్గర రోప్‌వే చెడి, యాత్రికులు గాలిలో చిక్కుకొని, కొందరు మరణించిన మాట నిజం. అందుకు తనిఖీలు కట్టుదిట్టంగా జరగాలని కోరవలెను గాని, ఎక్కుట మానుకొనుట మార్గం కాదు.

సోమరుల సాధనమన్న మాట ఒకప్పుడు నాదే. చాల ఏండ్ల క్రిందట ఇదే కొండకు విద్యార్థులను నడిపించినాను. వారిలో ఒకనికి పోలియో వలన కాలు చచ్చుబడినది. చెప్పులు, సంచులు అప్పగించి అతనిని క్రింద కూర్చుండబెట్టినాను. తాడుబండికి డబ్బు లేక కాదు. నా సిద్ధాంతం అటువంటిది. సాయంకాలం దిగి వచ్చేసరికి అతడు సంచులన్నీ వరుసగా పేర్చి ఉంచినాడు. "పైనుంచి ఏమి కనబడిందండీ?" అని అడిగినాడు.

"సముద్రం" అన్నాను. ఉదయంనుండి అతడు చూస్తున్నదీ అదే.